పెరిగిన కూలి, తరిగిన సదుపాయం

2018 అక్టోబర్ 2న అమెజాన్ సంస్థ ఒక ప్రకటన చేసింది. అమెరికాలో తన దగ్గర పనిచేసే ఏ ఉద్యోగికీ గంటకు 15 డాలర్ల కంటే తక్కువ ఇవ్వబోమని, నవంబర్ 1 నుంచే ఇది అమల్లోకి వస్తుందని చెప్పింది. రెండున్నర లక్షల మంది ఉద్యోగులకూ, పండుగల సీజన్‌లో తాత్కాలికంగా తీసుకునే మరో లక్ష మందికీ ఈ నిర్ణయం వర్తించింది. అప్పటికి అమెరికా సమాఖ్య చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై తర్వాత అది కదలనే లేదు. చట్టం అడిగిన దానికి రెట్టింపు పైగా ఇస్తామని ఒక ప్రైవేటు సంస్థ తనంతట తాను ముందుకు రావడం చిన్న విషయం కాదు. ఒత్తిడి లేకుండా జరిగిందనీ అనలేం. అంతకు నెల ముందే సెనేటర్ బెర్నీ శాండర్స్, కాంగ్రెస్ సభ్యుడు రో ఖన్నా కలిసి ఒక బిల్లు పెట్టారు. పెద్ద సంస్థల్లో పనిచేస్తూ కూడా ప్రభుత్వ ఆహార సాయం, వైద్య సాయం మీద ఆధారపడుతున్న ఉద్యోగుల కోసం ఖజానా ఎంత ఖర్చు పెడుతోందో అంత మొత్తాన్ని పన్నుగా ఆ సంస్థల నుంచే వసూలు చేయాలన్నది ఆ బిల్లు సారాంశం.

ఒకటి రెండు రోజుల్లోనే ప్రకటన రెండో పార్శ్వం బయటపడింది. గంట కూలి మీద పనిచేసే గోదాము కార్మికులకు అంతవరకు అందుతున్న రెండు రాబడులు ఆగిపోతున్నాయి. మొదటిది నెలవారీ బోనస్. హాజరు బాగుండి, గోదాము లక్ష్యం చేరితే నెల జీతంలో 8 శాతం వరకు, పని ఎక్కువగా ఉండే నవంబర్, డిసెంబర్ నెలల్లో 16 శాతం వరకు వచ్చేది. రెండోది కంపెనీ షేర్లు. గోదాములో పెట్టెలు సర్దే మనిషికి కూడా ఒకటి రెండు షేర్లు కేటాయించి, కొంతకాలం పనిలో కొనసాగితే చేతికిచ్చే పద్ధతి ఉండేది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలున్న తెలుగు ఇళ్లలో ‘ఆర్ఎస్‌యూ’ అన్న మాట ఇప్పుడు అందరికీ తెలిసిందే. అదే ఇది. ఇంజినీర్లకు అది కొనసాగింది, గోదాము కార్మికులకు నిలిచిపోయింది.

దీని ప్రభావం తెలియాలంటే ఇద్దరు ఊహాజనిత కార్మికుల లెక్క వేసి చూద్దాం. ఇద్దరూ వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు పనిచేస్తారు. ఇద్దరికీ సగటున 5 శాతం బోనస్, ఏడాదికి ఒక షేరు వస్తున్నాయనుకుందాం. ఆనాటి షేరు ధర దాదాపు 2,000 డాలర్లు. మొదటి మనిషి కూలి గంటకు 13 డాలర్లు. అది 15 అయితే ఏడాదికి 4,160 డాలర్లు అదనం. పోయే బోనస్ 1,352, పోయే షేరు 2,000. మిగిలే లాభం 808 డాలర్లు. ప్రకటనలో వినిపించిన పెంపులో అయిదో వంతు కూడా కాదు. రెండో మనిషి అనుభవం ఉన్నవాడు, అప్పటికే గంటకు 15 డాలర్లు తెచ్చుకుంటున్నాడు. అతనికి ఒక డాలరు పెంచితే ఏడాదికి 2,080 డాలర్లు వస్తాయి. బోనస్ 1,560, షేరు 2,000 పోతాయి. నికరంగా 1,480 డాలర్ల నష్టం. ఎంతో కాలంగా సంస్థను అంటిపెట్టుకుని ఉన్నవాడే ఇక్కడ నష్టపోయాడు. నిరసన కూడా అలాంటి వాళ్ల నుంచే ఎక్కువగా వచ్చింది. మొత్తం మీద అందరి ఆదాయమూ పెరుగుతుందని చెప్పిన సంస్థ, వారం గడిచాక సర్దుబాటు చేసింది. కొందరు పాత ఉద్యోగులకు డాలరుకు బదులు డాలరుంపావు పెంచింది. 5, 10, 15, 20 ఏళ్ల సర్వీసు పూర్తి చేసినవాళ్లకు 1,500 నుంచి 3,000 డాలర్ల నగదు బహుమతి ప్రకటించింది.

ఈ ఉదంతాన్ని దగా అని కొట్టిపారేయడం సులువే. నేను అలా అనను. షేరు కన్నా ముందుగా తెలిసి, వెంటనే చేతికొచ్చే నగదే తమకు కావాలని ఉద్యోగులు చెప్పారన్నది సంస్థ ఇచ్చిన వివరణ. అందులో నిజం లేకపోలేదు. నెలాఖరులో ఇంటి అద్దె కట్టవలసిన మనిషికి రెండేళ్ల తర్వాత చేతికొచ్చే షేరు ఎందుకు పనికొస్తుంది? పైగా 2018 అక్టోబర్ మొదట్లో 2,000 డాలర్ల దగ్గరున్న షేరు ఆ ఏడాది చివరి రోజుకు 1,500కు దిగింది. అదే షేరు 2021లో 3,000 దాటింది. షేరు విలువ పెరుగుదల ఆదాయమే, కానీ తరుగుదల భారాన్ని కూడా అతి తక్కువ సంపాదించే మనిషి భుజాల మీద పెట్టే ఆదాయం. కాబట్టి నగదు, షేరు, బోనస్ మూడింటినీ ఒకే తక్కెడలో వేసి తూచడం న్యాయం కాదు. అయితే తూచకుండా వదిలేయడం ఇంకా అన్యాయం.

శ్రమకు ముట్టే ప్రతిఫలంలో జీతం ఒక భాగం మాత్రమే. ఆరోగ్య బీమా, పింఛను, సెలవులు, బోనస్, డ్యూటీలో భోజనం, సంస్థలో కొనే వస్తువుల మీద తగ్గింపు, చివరికి ఏ రోజు ఏ షిఫ్టో ముందే తెలియడం కూడా ప్రతిఫలమే. అమెరికా కార్మిక గణాంక సంస్థ లెక్కల ప్రకారం ప్రైవేటు రంగంలో యజమాని ఒక ఉద్యోగి మీద పెట్టే ఖర్చులో జీతం వాటా 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మిగతా 30 శాతం సదుపాయాలది. పని కష్టంగానో అసహ్యంగానో ఉంటే కూలి ఎక్కువ ఇవ్వాలి, హాయిగా ఉంటే తక్కువకే మనుషులు దొరుకుతారు అని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. జీతానికీ జీతం కాని వాటికీ మధ్య మారకం జరుగుతుందన్న ఆలోచనకు మూలం అదే.

ఈ మారకాన్ని చరిత్ర ఒకసారి తలకిందులుగా చూపించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ధరలు అదుపు తప్పకుండా అమెరికా ప్రభుత్వం 1942లో స్థిరీకరణ చట్టం తెచ్చి జీతాల పెంపును కట్టడి చేసింది. యుద్ధ సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీలకు మనుషులు దొరకడం లేదు. జీతం పెంచి పిలుద్దామంటే చట్టం ఒప్పుకోదు. కానీ బీమా, పింఛను వంటివి ఆ కట్టడి కిందికి రాలేదు. యాజమాన్యాలు ఆ దారి పట్టాయి. ఉద్యోగంతోపాటు ఆరోగ్య బీమా ఇవ్వడం ఆ రోజుల్లోనే ఊపందుకుంది. యజమాని కట్టే బీమా ప్రీమియం మీద ఉద్యోగి ఆదాయపన్ను కట్టనక్కర్లేదని 1954 పన్ను చట్టం ఖాయం చేయడంతో ఆ అలవాటు స్థిరపడిపోయింది. యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటినా, అమెరికాలో ఉద్యోగం పోతే డాక్టరూ దూరమయ్యే దుస్థితికి ఆనాటి నిర్ణయమే బీజం. జీతానికి పైకప్పు వేసినప్పుడు సదుపాయాలు పెరిగాయి. మరి జీతానికి నేల ఎత్తు పెంచితే సదుపాయాలు తగ్గాలి కదా? ఆర్థికవేత్తలు ఎన్నో ఏళ్లుగా పరీక్షిస్తున్న ప్రశ్న ఇదే.

పోటీ సంపూర్ణంగా ఉన్న మార్కెట్‌ను ఊహించుకుంటే సమాధానం సూటిగా ఉంటుంది. అక్కడ ఒక మనిషి శ్రమ విలువ గంటకు 16 డాలర్లయితే, అతనికి ముట్టే మొత్తం కూడా 16 డాలర్లే. అందులో 13 జీతం, 3 సదుపాయాలు. చట్టం జీతాన్ని 15కు పెంచితే సదుపాయాలు ఒక్క డాలరుకు కుదించుకుపోతాయి. ఇది ఒక మడిలోని నీటిని పక్క మడికి మళ్లించడం లాంటిది. కాలువలో నీరు పెరగలేదు, పారే చోటు మారింది. ఈ తర్కాన్నే ఎదురు దిశలో లారెన్స్ సమ్మర్స్ 1989లో వివరించాడు. ఒక సదుపాయాన్ని చట్టం తప్పనిసరి చేస్తే, ఉద్యోగులు దానికి ఎంత విలువ ఇస్తారో ఆ మేరకు జీతాలు తగ్గుతాయని అతని వాదన. 1994లో జొనాథన్ గ్రూబర్ దీన్ని గణాంకాలతో పరీక్షించాడు. ఆరోగ్య బీమాలో ప్రసవ ఖర్చులు కూడా కలపాలని అమెరికాలోని కొన్ని రాష్ట్రాలూ, తర్వాత 1978లో సమాఖ్య ప్రభుత్వమూ నియమం పెట్టాయి. ఆ ఖర్చు చాలావరకు ప్రసవ వయసులో ఉన్న వివాహిత స్త్రీల జీతాల నుంచే మినహాయింపు అయిందని అతను తేల్చాడు. సదుపాయం వాళ్లకే దక్కింది, దాని వెలా వాళ్లే చెల్లించారు.

నిజమైన మార్కెట్ మాత్రం ఆ ఊహాచిత్రంలా ఉండదు. చిన్న పట్టణంలో ఒకటో రెండో పెద్ద గోదాములు, ఒక పెద్ద సూపర్‌మార్కెట్ మాత్రమే ఉద్యోగాలిచ్చేవైతే, అక్కడ శ్రమను కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మోనాప్సొనీ అని అర్థశాస్త్రం పిలిచే పరిస్థితి ఇదే. అలాంటి చోట కార్మికుడికి అందేది అతని శ్రమ విలువకన్నా తక్కువగా ఉంటుంది. ఆ తేడా యాజమాన్యం దగ్గర ఉండిపోతుంది. అప్పుడు కనీస వేతనం పెంచితే, పెంపు ఆ తేడాలోంచి రావచ్చు. సదుపాయాల జోలికి పోవలసిన అవసరమే ఉండకపోవచ్చు.

ఈ చర్చలో అందరూ తలచుకునే అధ్యయనం డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ చేసినది. 1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పెంచలేదు. రెండు రాష్ట్రాల్లో కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను వాళ్లు పెంపుకు ముందూ తర్వాతా సర్వే చేశారు. ఉద్యోగాలు తగ్గలేదన్న ఫలితమే లోకానికి తెలిసింది. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి రావడంలో దానికీ పాత్ర ఉంది. క్రూగర్ అప్పటికే కన్నుమూశాడు. ఆ వ్యాసంలో అంతగా చర్చకు రాని ఒక చిన్న భాగం మన విషయానికి ముఖ్యం. జీతం పెంచాల్సి వచ్చిన హోటళ్లు పనివాళ్లకు ఉచితంగానో సగం ధరకో పెట్టే భోజనాన్ని ఎత్తేశాయా అని కూడా వాళ్లు చూశారు. పొరుగు రాష్ట్రంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే అక్కడ ఒక మడి నిండినందుకు రెండో మడి ఎండలేదు. ఒక పెద్ద సిద్ధాంతాన్ని పరీక్షించడానికి హోటల్ పనివాడి భోజనం దాకా వెళ్లి ప్రశ్న అడిగిన ఆ శ్రద్ధను నేను ఎంతో గౌరవిస్తాను.

తర్వాతి పరిశోధనలు ఒకే మాట చెప్పలేదు. 2004లో కోసాలి సైమన్, రాబర్ట్ కేస్ట్నర్ ఆరోగ్య బీమా, పింఛను వంటి వాటి మీద కనీస వేతనం ప్రభావం పెద్దగా కనిపించలేదన్నారు. 2018లో జెఫ్రీ క్లెమెన్స్, లీసా కాన్, జొనాథన్ మీర్ ముగ్గురూ భిన్నమైన ఫలితం చూపారు. కనీస వేతనం పెరిగిన రాష్ట్రాల్లో, తక్కువ జీతాల వృత్తుల్లో యజమాని ఇచ్చే ఆరోగ్య బీమా కొంత తగ్గిందని వాళ్లు గుర్తించారు. అయితే అట్టడుగు జీతాలవాళ్లకు ఈ నష్టం పెరిగిన జీతంలో చిన్న భాగమే. వాళ్లకు పైన, కాస్త మెరుగైన జీతాలవాళ్ల విషయంలోనే నష్టం వాటా ఎక్కువ. ఎందుకంటే వాళ్ల జీతం పెరిగింది స్వల్పం, వాళ్ల దగ్గర కోల్పోవడానికి బీమా ఉంది. అమెజాన్ గోదాములో 15 డాలర్ల మనిషికి జరిగినదీ ఇదే తరహా నష్టం. ఈ సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: మారకం జరుగుతుంది, కానీ రూపాయికి రూపాయి జరగదు. జీతం పెంచితే కార్మికుడికి మిగిలేదేమీ ఉండదన్నవాళ్ల వాదనా నిలవదు, పెంపంతా మిగులుతుందన్నవాళ్ల వాదనా నిలవదు.

ఏ సదుపాయం మీద మొదట వేటు పడుతుందో గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. చట్టం కాపలా ఉన్నవి నిలుస్తాయి. యాజమాన్యం దయ మీదో, అలవాటు మీదో నడిచేవి పోతాయి. బోనస్ అందుకే ముందు పోతుంది. 2018 జనవరిలో వాల్‌మార్ట్ ప్రారంభ కూలిని 11 డాలర్లకు పెంచి, ప్రసూతి సెలవులు పొడిగించి, ఒకసారి ఇచ్చే బోనస్ ప్రకటించింది. అదే రోజు తన 63 సామ్స్ క్లబ్ దుకాణాలను మూసేస్తున్నట్టు వార్త వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో కనిష్ఠ కూలిని 12 డాలర్లు చేస్తూ, ఎన్నో ఏళ్లుగా దుకాణాల్లోని గంట కూలీలకు మూడు నెలలకోసారి ఇస్తున్న బోనస్‌ను ముగించింది. బోనస్‌ను మూల జీతంలో కలిపేశామన్నది సంస్థ మాట. అలా కలపడం నిజంగా జరిగితే అది కార్మికుడికి మేలే, ఎందుకంటే మూల జీతాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం. కలిపారా, ఎంత కలిపారు అన్నది ప్రతి మనిషి జీతం చీటీలో చూస్తే తప్ప తేలదు.

సదుపాయాలు తగ్గించడానికి పనిగంటలు మరో దారి. ఒబామా కాలపు ఆరోగ్య చట్టం ప్రకారం 50 మంది, ఆపైన పూర్తికాల ఉద్యోగులున్న సంస్థ, వారానికి 30 గంటలు పనిచేసేవాళ్లకు బీమా ఇవ్వాలి లేదా జరిమానా కట్టాలి. 29 గంటల మనిషికి ఆ హక్కు లేదు. అమెజాన్ 2017లో కొన్న హోల్‌ఫుడ్స్ దుకాణాల్లో వారానికి 20 గంటలు పనిచేసేవాళ్లకూ బీమా ఇచ్చే పద్ధతి ఉండేది. 2019 సెప్టెంబర్‌లో ఆ హద్దును 30 గంటలకు పెంచుతున్నట్టు ప్రకటించారు. దాదాపు 1,900 మంది బీమా కోల్పోయే స్థితి వచ్చింది. మొత్తం సిబ్బందిలో వీళ్లు రెండు శాతంలోపే. కానీ దీర్ఘకాల జబ్బుకు మందులు వాడే మనిషి ఆ రెండు శాతంలో ఉంటే, గంటకు వచ్చిన అదనపు డాలర్లు మందుల షాపు గుమ్మం దాటవు. సియాటిల్ నగరం కనీస వేతనం పెంచినప్పుడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఇదే పనిగంటల సంగతి లేవనెత్తారు. తక్కువ జీతాల ఉద్యోగాల్లో గంటకు కూలి 3 శాతం పెరిగినా, గంటలు 9 శాతం తగ్గి, నెలకు సగటున 125 డాలర్లు నష్టం వచ్చిందన్నారు. బర్క్‌లీ పరిశోధకులు అదే నగరంలో హోటళ్లను చూసి ఉద్యోగ నష్టం లేదన్నారు. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. వాషింగ్టన్ అధ్యయనంలో అనేక శాఖలున్న గొలుసు సంస్థల లెక్కలు లేవు. పెద్ద కంపెనీల గురించి మాట్లాడేటప్పుడు దాన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లు ఈ సంగతి మరువరాదు.

బ్రిటన్ అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. 2016 ఏప్రిల్ 1న అక్కడ 25 ఏళ్లు, ఆపైన వయసున్నవాళ్లకు జాతీయ జీవన వేతనం గంటకు 7.20 పౌండ్లుగా అమల్లోకి వచ్చింది. ఇంటి మరమ్మతు సామగ్రి అమ్మే బీ అండ్ క్యూ సంస్థ ఆదివారాలకూ సెలవు దినాలకూ ఇచ్చే అదనపు కూలిని కుదించబోయి విమర్శల పాలైంది. కెఫే నీరో అనే కాఫీ దుకాణాల గొలుసు, షిఫ్టులో ఉన్న సిబ్బందికి ఉచితంగా ఇచ్చే పానీనీ శాండ్‌విచ్‌ను ఆపేసి, తగ్గింపు ధరకు కొనుక్కోమంది. కార్డ్, క్రూగర్‌లకు న్యూజెర్సీలో కనిపించనిది ఇక్కడ కనిపించింది. ఇలాంటి ఉదాహరణలు మొత్తం మార్కెట్ గురించి తీర్పు చెప్పలేవు, కానీ అంకెలు ఏ రూపంలో మనిషిని తాకుతాయో చూపిస్తాయి. అదే సమయంలో బ్రిటన్‌లో ఎవరి ఆరోగ్య రక్షణా పోలేదు. పోయే వీలే లేదు. ఆసుపత్రి ఖర్చు జాతీయ ఆరోగ్య సేవది, యజమానిది కాదు. అక్కడ మారకంలో పోయింది శాండ్‌విచ్, ఆదివారం అదనపు కూలి. అమెరికాలో పోయేది బీమా. రెండు దేశాల్లోనూ యాజమాన్యాల స్వభావం ఒకటే. ప్రాణావసరమైన వాటిని బేరానికి బయట ఉంచారా లేదా అన్నదే తేడా.

సదుపాయాలను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. వెయ్యిమందికి కలిపి బీమా కొంటే ఒక్కొక్కరు విడిగా కొన్నదానికన్నా చవక. జబ్బుపడేవాళ్లు, పడనివాళ్లు ఒకే గుంపులో ఉంటారు కాబట్టి ఎవరికీ నిరాకరణ ఉండదు. ఆ రక్షణను నగదుగా మార్చి చేతిలో పెడితే అదే విలువకు బజారులో దొరకదు. కానీ సదుపాయానికి మరో స్వభావం ఉంది: దానికి షరతులు అంటుకుని ఉంటాయి. హెన్రీ ఫోర్డ్ 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు అయిదు డాలర్ల జీతం లోకప్రసిద్ధం. అంతకు ముందు ఏడాది అతని ఫ్యాక్టరీలో మనుషులు మానేయడం, కొత్తవాళ్లు చేరడం ఎంతగా ఉండేదంటే, ఆ రేటు 370 శాతం. ఆ అయిదు డాలర్లలో దాదాపు సగమే జీతం. మిగతా సగం లాభంలో వాటా. ఆ వాటా దక్కాలంటే సంస్థ నియమించిన సామాజిక విభాగం మనుషులు ఇంటికొచ్చి చూసేవాళ్లు. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నాడా, డబ్బు పొదుపు చేస్తున్నాడా అని విచారించి, సరేనంటేనే పూర్తి మొత్తం. జీతం అయితే చేసిన పనికి అడిగి తీసుకునే హక్కు. సదుపాయం చాలా చోట్ల ఇచ్చేవాడి ఇష్టం. హాజరు తప్పితే ఎగిరిపోయే అమెజాన్ బోనస్‌కూ, ఫోర్డ్ లాభవాటాకూ మధ్య వందేళ్ల దూరం ఉన్నా పోలిక స్పష్టమే. అందుకే విలువ సమానమైనప్పుడు నేను జీతం వైపే మొగ్గుతాను, ఆరోగ్య రక్షణ ఒక్కటి తప్ప.

మన దగ్గర ఈ సమస్య సీటీసీ, అంటే ఉద్యోగి మీద యజమాని పెట్టే మొత్తం ఖర్చు, రూపంలో అందరి ఇళ్లలోనూ ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరే పిల్లవాడి ఆఫర్ లెటర్‌లో బేసిక్, హెచ్ఆర్ఏ, స్పెషల్ అలవెన్స్, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ ఒకే మొత్తంలో కలిపి ఉంటాయి. బేసిక్‌ను చిన్నదిగా, అలవెన్సులను పెద్దవిగా రాయడం చాలాకాలంగా యాజమాన్యాల అలవాటు. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కకు బేసిక్, కరువు భత్యాలనే తీసుకునేవాళ్లు కాబట్టి బేసిక్ చిన్నదైతే యజమాని భారం తగ్గేది. ఉద్యోగులందరికీ ఒకే తీరున ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ లెక్కలో కలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ కేసులో తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన వేతనాల కోడ్ మరో అడుగు వేసింది. అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంగానే పరిగణించాలంది. 2025 నవంబర్ 21న కేంద్రం దానితో సహా నాలుగు కార్మిక కోడ్‌లనూ అమల్లోకి తెచ్చింది.

నెలకు 50,000 వచ్చే మనిషిని తీసుకుందాం. అతని బేసిక్ 15,000 అయితే, ఒక్కో ఏడాది సర్వీసుకు చేరే గ్రాట్యుటీ, 26 రోజుల నెలకు 15 రోజుల జీతం చొప్పున, 8,654 రూపాయలు. వేతనాన్ని 25,000గా లెక్కిస్తే అది 14,423 అవుతుంది. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీదే కడుతుంటే అందులో మార్పు రాదు. మొత్తం వేతనం మీద కడుతుంటే మాత్రం ఉద్యోగి వాటా నెలకు 1,800 నుంచి 3,000కు, యజమాని వాటా కూడా అంతే పెరుగుతుంది. సీటీసీ మారకపోతే ఆ 2,400 రూపాయలూ చేతికొచ్చే జీతంలోంచే పోతాయి. ఇక్కడ చట్టం సదుపాయం వైపు తోసింది, తగ్గేది నగదు.

దీనికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) హద్దు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకే ఈఎస్ఐ అని 2017 జనవరి నుంచి నియమం. 2019 జూలై నుంచి యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడుతున్నారు. దానికి బదులుగా కుటుంబం మొత్తానికి వైద్యం, జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం భత్యం. ఇప్పుడు 20,800 జీతమున్న ఒక సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కు 400 పెరిగి 21,200 అయిందనుకుందాం. నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగియగానే అతను ఈఎస్ఐ నుంచి బయటికి వస్తాడు. తన వాటా 156 రూపాయలు మిగులుతుంది, పెరిగిన జీతంతో కలిపి చేతికి 556 ఎక్కువ. యజమానికి మిగిలే వాటా 676. జీతం 400 పెంచినా అతని ఖర్చు నెలకు 276 రూపాయలు తగ్గుతుంది. పాత చందాకు దక్కే ప్రయోజన కాలం కూడా ముగిశాక ఉద్యోగి భార్యకు ఆపరేషన్ అవసరమైతే, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో హక్కుగా దొరికేది ఇక దొరకదు. నెలకు 556 రూపాయలతో ఆ కుటుంబానికి అంతటి రక్షణ ఏ ప్రైవేటు బీమా ఇస్తుంది? జీతం పెంపును ఎవరూ కోతగా చూడరు కాబట్టి ఈ నష్టం ఏ ధర్నాలోనూ వినిపించదు.

తప్పు జీతం పెరగడంలో లేదు, హద్దు నిలువుగా తెగి ఉండటంలో ఉంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కనీస వేతనాలకు కలిపే కరువు భత్యం ధరల సూచికను బట్టి ఆరు నెలలకోసారి మారుతుంది. అలా కదిలే జీతానికి ఏళ్ల తరబడి కదలని హద్దు పెడితే, ప్రతి సవరణా కొందరిని ఆ గీత దాటిస్తుంది. ఈఎస్ఐ హద్దును కూడా అదే సూచికకు కట్టి, ఏప్రిల్, అక్టోబర్ చందా కాలాలు మొదలైనప్పుడల్లా సవరించాలి. హద్దు దాటినవాళ్లు పెరిగిన జీతం మీద చందా కట్టి కొనసాగుతామంటే వీలు కల్పించాలి, యజమాని వాటా ఆగకూడదు. అలా చేస్తే 400 రూపాయలు పెంచి 676 మిగుల్చుకునే లెక్కకు తావుండదు.